ఊర్ల ఇద్దరు సమ్మక్కలుంటే కంప్యూటర్ ఏం చేస్తది?

తమ్మీ, నువ్వు అడిగింది మొత్తం చదివిన. హన్మకొండల బీటెక్ ఫైనలియర్ల ఉన్న అన్నవు, ప్రాజెక్టు కింద పింఛన్లు, రేషన్ కార్డులల్ల దొంగ లబ్ధిదారులను ఏఐతోని పట్టుకునే సాఫ్ట్‌వేర్ చేస్తున్న అన్నవు, పేరు, పుట్టిన తేదీ, ఊరు మూడు కలిస్తే ఒక్కరే మనిషి అనుకుంటే సరిపోతదా, ఇంక మనిషి చెయ్యి లేకుండ సిస్టమే నిర్ణయం తీసుకుంటే లంచాలు పోయి సమాజం బాగుపడతది కదా అని అడిగినవు. నేను 22 ఏండ్ల సంది సాఫ్ట్‌వేర్ల ఉన్న, అందుల 6 ఏండ్లు అచ్చం ఇదే పని చేసిన, ఇద్దరు కస్టమర్లు ఒక్కరేనా వేరేనా అని తేల్చే ప్రోగ్రాములు బ్యాంకుల కోసం రాసిన. అందుకే జర పొడుగు రాస్తున్న, ఓపిక చేసుకొని చదువు.

సరిపోదు. మన దిక్కు అస్సలే సరిపోదు.

ముందుగాల పేర్ల సంగతి చూడు. మన వరంగల్, ములుగు, భూపాలపల్లి, కరీంనగర్ దిక్కు పేర్లు యాడికెళ్ళి వస్తయి? దగ్గర్ల ఏ దేవుడుంటే ఆ దేవుని కాడికెళ్ళి వస్తయి. మేడారం మొక్కుకొని పుట్టినోళ్లు సమ్మయ్యలు, సమ్మక్కలు, సారయ్యలు, సారక్కలు. ఐలోని (ఐనవోలు) మల్లన్నకు మొక్కితే ఐలయ్య, ఐలమ్మ, కొమురెల్లి మల్లన్నకు మొక్కితే కొమురయ్య, కొమురమ్మ, ఏములాడ రాజన్నకైతే రాజయ్య, రాజమ్మ. మాది పరకాల దగ్గర పల్లె, నేను చిన్నగున్నప్పుడు మా ఒక్క వాడకట్టులనే ఐదుగురు సమ్మయ్యలుండె. దానికి తోడు తాత పేరు మనుమనికి పెట్టుడు మన ఆనవాయితీ, అన్నదమ్ములు ఇద్దరు తమ కొడుకులకు బాపు పేరే పెట్టుకుంటే ఏమైతది, ఇంటిపేరు ఒకటే, పేరు ఒకటే, తాత ఒకటే, ఇంటి నంబరు ఒకరిది 2-45 అయితే ఇంకొకరిది 2-45/ఏ. ఊరోళ్లకు దీంతోని ఏ పరేషాన్ లేదు, ఒకరు పెద్ద సమ్మయ్య ఒకరు చిన్న సమ్మయ్య, ఒకరు బాయి కాడి సమ్మయ్య ఒకరు మోరీ కాడి సమ్మయ్య. మేడారం జాతరల తప్పిపోయినోళ్ల గురించి మైకుల చెప్పుడు నువ్వు వినే ఉంటవు, అక్కడ ఉత్త పేరు చెప్పి ఊకోరు, ఏ ఊరు, ఏ మండలం, ఎవరి కొడుకు, ఏం రంగు అంగీ, అన్ని చెప్తరు, ఎందుకంటే పేరొక్కటే మనిషిని దొరకపట్టదని వాళ్లకు ఎరికే. ఇప్పుడు నీ డేటాబేస్ల 'బాయి కాడి' అనే కాలమ్ ఉన్నదా? ఏ శాఖ డేటాబేస్ల కూడ ఉండదు.

ఇంక పుట్టిన తేదీ. 60 ఏండ్లు దాటినోళ్లల్ల మస్తు మందికి పుట్టిన తేదీ ఎవ్వరు రాసిపెట్టలే. ఆధార్ దిగేటప్పుడు అందాజుగా వయసు చెప్పిండ్రు, సంవత్సరం లెక్క కట్టిండ్రు, నెల తారీఖు కాడ జనవరి 1 అని పడ్డది. నీ ఇంట్ల నాయినమ్మ తాతలవి తీసి చూడు, చాలా వరకు అదే కనపడుతది. అంటే పుట్టిన తేదీ అని నువ్వు అనుకునేది నిజానికి ఉత్త సంవత్సరం మాత్రమే. ఇప్పుడు లెక్క చెయ్, 1945 నుంచి 1974 దాక 30 సంవత్సరాలు, ఒక ఊర్ల ఈ వయసుల సమ్మయ్యలు ఏడుగురు ఉన్నరు అనుకో, అందరివి జనవరి 1 ఏ, అందుల కనీసం ఇద్దరికి సంవత్సరం కూడ ఒకటే అయ్యే అవకాశం ఎంత? 53 శాతం. క్లాసుల 23 మంది ఉంటే ఇద్దరి బర్త్‌డే కలిసే అవకాశం సగం కంటే ఎక్కువ అని ప్రాబబిలిటీల చదివినవు కదా, అదే లెక్క, కాకపోతే 365 కాడ 30 పెట్టాలె. అంటే పేరు, పుట్టిన తేదీ, ఊరు మూడు కలిసినా కూడ ఇద్దరు వేరే వేరే మనుషులు ఉండుడు మన ఊర్లల్ల మామూలు సంగతి. దొంగతనం కాదు అది.

మూడోది ఇంగ్లీషు స్పెల్లింగు. పేరు పుట్టేది తెలుగుల, కంప్యూటర్ల ఎక్కేది ఇంగ్లీషుల, ఆ టైపు చేసే పిల్లగాడు ఆ పూట ఎట్ల కొడ్తే అట్ల. లక్ష్మి అంటే ఒక కాడ ఎల్ ఏ ఎక్స్ ఎం ఐ, ఇంకో కాడ ఎల్ ఏ కె ఎస్ హెచ్ ఎం ఐ. ఐలయ్య అంటే ఒక కాడ ఐతోని మొదలు, ఇంకో కాడ ఏ ఐతోని మొదలు. నువ్వు చెప్పినవు కదా ఎడిట్ డిస్టెన్స్ వాడుతున్న అని, అంటే 1965 ల లెవెన్‌స్టైన్ అనే రష్యా సైంటిస్ట్ చెప్పిన లెక్క, ఒక పేరును ఇంకో పేరుగ చెయ్యాలంటే ఎన్ని అక్షరాలు మార్చాలె అని. దాన్ని మన పేర్ల మీద పెట్టి చూడు. రామయ్యకు రాజయ్యకు ఇంగ్లీషుల ఒక్క అక్షరమే తేడా, ఎం కాడ జె, అంటే దూరం 1, కాని వీళ్లు ఇద్దరు వేరే మనుషులు. ఐలయ్య రెండు స్పెల్లింగులకు కూడ దూరం 1, కాని అది ఒకటే పేరు. లక్ష్మి రెండు స్పెల్లింగులకు దూరం 3, అయినా ఒకటే పేరు. ఇప్పుడు నువ్వు కటాఫ్ 1 పెడ్తవా 2 పెడ్తవా 3 పెడ్తవా? ఎంత పెట్టినా ఎవరో ఒకరు నలుగుతరు.

ఒక్కతీరుగ పలికే పేర్లకు ఒకటే కోడ్ ఇచ్చే సౌండెక్స్ వాడితే అయితదా అంటే అది ఇంకా ఘోరం. సౌండెక్స్ 1918 ల అమెరికల పేటెంట్ తీసుకున్న పద్ధతి, అక్కడి ఇంటిపేర్లు ఎట్ల పలుకుతరో దాన్ని బట్టి చేసిండ్రు, మొదటి అక్షరం అట్లనే ఉంచి అచ్చులు తీసేసి మిగతా హల్లులకు అంకెలు ఇస్తది. నేను చేతితోని లెక్క కట్టిన, నువ్వు కూడ చెయ్. కొమురయ్యకు వచ్చే కోడ్ కె 560. కుమార్‌కు వచ్చే కోడ్ కూడ కె 560. సమ్మయ్యకు ఎస్ 500, సోమయ్యకు ఎస్ 500. ఎల్లయ్యను ఈతోని రాస్తే ఈ 400, వైతోని రాస్తే వై 400, అంటే వేరే వేరే మనుషులను కలుపుతది, ఒక్క మనిషిని ఇద్దరిని చేస్తది. లైబ్రరీల దొరికింది కదా అని ఇట్లాంటియి తెచ్చి పెట్టుడు నేను కూడ చేసిన, అందుకే చెప్తున్న. మన భాష తెల్వని పనిముట్లు మన మీద ఎట్ల పడ్తయో నీకు గుర్తు ఉండాలె, 2018 ఫిబ్రవరిల 'జ్ఞా' అనే మన తెలుగు అక్షరం మెసేజ్‌ల వస్తే ఐఫోన్ల యాప్‌లు క్రాష్ అయినయి, తర్వాత యాపిల్ 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. అంత పెద్ద కంపెనీ ఇంజినీర్లకే మన ఒత్తులు దీర్ఘాలు కనపడలే.

ఆధార్ నంబరు ఉన్నది కదా అన్న, పేరుతోని ఏం పని అంటవేమో. నంబరు మంచిదే, 12 అంకెలల్ల ఆఖరి అంకె వెర్‌హాఫ్ పద్ధతి చెక్ అంకె, ఒక అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలు తారుమారు అయినా పట్టేస్తది. కాని టైపు చేసేటప్పుడు ఒకరి కార్డు మీద నంబరు ఇంకొకరి రికార్డుల ఎక్కిస్తే? నంబరు కరెక్టే, మనిషి తప్పు. దాన్ని ఏ చెక్ అంకె పట్టదు. ఇంక ఎనుకటి రికార్డులల్ల, బండి రిజిస్ట్రేషన్, కరెంటు మీటరు, భూమి కాయితాలు, అన్నింటిల ఆధార్ లేదు, అక్కడ మళ్ల పేరే దిక్కు, మళ్ల సమ్మయ్య సోమయ్య కథ మొదలు.

ఇదంత ఉత్త థియరీ అనుకోకు. మన రాష్ట్రంల 2014 ఆగస్టు 19 న సమగ్ర కుటుంబ సర్వే అయింది, నువ్వు చిన్న పిల్లగానివి అప్పుడు, హైదరాబాద్‌ల ఉన్నోళ్లంత బస్సులు పట్టుకొని ఊర్లకు వచ్చిండ్రు ఆ రోజు. ఆ తర్వాత సమగ్ర వేదిక అని వేరే వేరే శాఖల డేటాను కలిపి ఒక్కో కుటుంబానికి కారు ఉన్నదా భూమి ఉన్నదా ఉద్యోగం ఉన్నదా అని చూసే సిస్టమ్ వచ్చింది. ముందు నోటీసు లేకుండ కంప్యూటర్ లెక్కతోని రేషన్ కార్డులు తీసేసిండ్రని కేసు పడ్తే, 2022 ఏప్రిల్ల సుప్రీంకోర్టు దాదాపు 19 లక్షల తీసేసిన కార్డులను ఇంటింటికి పోయి మళ్ల చూడాలని చెప్పింది. మన కాడనే అని కాదు, బ్రిటన్ల పోస్టాఫీసుల కంప్యూటర్ పైసలు తక్కువ ఉన్నయని తప్పు లెక్క చూపెట్టి, కంప్యూటర్ తప్పు చేయదని కోర్టులు నమ్మి, 900 మందికి పైన పోస్టుమాస్టర్లకు శిక్షలు పడ్డయి, 2024 ల ప్రత్యేకంగ చట్టం చేసి ఆ శిక్షలు కొట్టేసిండ్రు. నెదర్లాండ్స్‌ల పిల్లల సహాయం డబ్బులు తీసుకున్న కుటుంబాలను దొంగలని ముద్ర వేసిన గొడవ మీద 2021 జనవరిల ప్రభుత్వమే రాజీనామా చేసింది.

ఇప్పుడు మా పెద్దమ్మ సంగతి చెప్పాలె. ఆమె పేరు సమ్మక్క, పత్తి ఏరుడు, మిరప ఏరుడు, నాట్లు, బతుకంత కూలీ పని. ఆసరా పింఛను నెలకు 2016 రూపాయలు వస్తుండె, ఒక నెల రాలే. ముందు నెల తంబ్ సరిగ్గ పడ్తలేదు అన్నరు, పని చేసి చేసి వేళ్ల గీతలు అరిగినయి కదా, అదే అనుకున్నం. రెండో నెల కూడ రాకపోతే ఊర్ల వాళ్లు ఆమెను మండల ఆఫీసుకు తోలిచ్చిండ్రు. అక్కడ ఆపరేటర్ కంప్యూటర్ చూసి నువ్వు చనిపోయినట్టు ఉన్నదమ్మా అన్నడు. ఎదురుంగ నిలబడ్డ మనిషితోని. ఆ పిల్లగాని తప్పు కాదు, ఆయనకు స్క్రీన్ మీద ఏది కనపడితే అదే చెప్పిండు. ఊర్ల ఇంకో సమ్మక్క ఆ ఏడాది చనిపోయింది, ఆమె మరణం మా పెద్దమ్మ రికార్డు మీద ఎక్కింది, ఇద్దరిది పేరు ఒకటే, పుట్టింది జనవరి 1, సంవత్సరం కూడ ఒకటే.

నాకు ఫోన్ చేస్తే నేను సెలవు పెట్టి పోయిన. ఆపరేటర్ పక్కన కూసొని స్క్రీన్ చూసిన. 'మరణించారు' అని పెట్టెతందుకు బటన్ ఉన్నది. 'బతికి ఉన్నారు' అని మళ్ల మార్చెతందుకు బటన్ లేదు. ఆయన లాగిన్ల లేదు, పై సారు లాగిన్ల లేదు, లెటర్ రాస్తే పైకి పోయి అక్కడ ఎవరో డేటాబేస్ల మారుస్తరట. ఆ స్క్రీన్ చూస్తుంటే నాకు చెమటలు పట్టినయి, ఎందుకంటే నేను బ్యాంకుల కోసం రాసినప్పుడు కూడ సరిగ్గ ఇదే చేసిన. ఇద్దరు కస్టమర్లను కలిపే బటన్ మొదటి నెలలనే రాసినం, కలిపినోళ్లను విడదీసే పని తర్వాతి రిలీజుల చూద్దాం అని పక్కకు పెట్టినం, నేను ఆ కంపెనీల ఉన్నన్ని రోజులు ఆ తర్వాతి రిలీజు రాలే. మీటింగులల్ల తప్పు మ్యాచ్ 1 శాతం కంటే తక్కువ ఉన్నది అని గ్రాఫు చూపెట్టి చప్పట్లు కొట్టించుకున్నం. 2011 జనగణనల తెలంగాణ జనం మూడున్నర కోట్లు, అందుల 1 శాతం అంటే మూడున్నర లక్షల మంది. ఆ గ్రాఫుల సన్నటి ఎర్ర గీత ఉండె, మా పెద్దమ్మ లాంటోళ్లంత ఆ గీతల ఉన్నరని నాకు ఆ మండల ఆఫీసుల కూసున్నప్పుడే అర్థమైంది.

ఏడు నెలలు పట్టింది. పరకాలకు ఆటో, హన్మకొండకు బస్సు, ఎవరినన్న తోడు తీసుకపోవాలె, ఆ రోజు కూలీ పాయె, తోడు వచ్చినోళ్ల కూలీ కూడ పాయె. ఆగిపోయిన ఏడు నెలలది 14,112 రూపాయలు, అది మాత్రం ఇప్పటికి రాలే. ఆఖరికి పని అయింది ఎట్లంటే మా ఊరి పంచాయతీ కార్యదర్శి ఇంటికి వచ్చి చూసి, ఈమె బాయి కాడి సమ్మక్క, చనిపోయింది మోరీ కాడి సమ్మక్క, నాకు ఇద్దరు ఎరికే అని సంతకం పెట్టి రాసిచ్చిండు. మనిషిని చూసి గుర్తుపట్టినోడు ఒక్కడు దొరికేదాక కంప్యూటర్ల ఆమె బతకలే.

అయితే ఏఐ పెడ్తే ఇట్ల కాదు కదా అంటవు. స్పెల్లింగుల తేడాలు పట్టుడు ఇప్పటి మోడళ్లు మా కాలం ప్రోగ్రాముల కంటే మస్తు మంచిగ చేస్తయి, అది నేను ఒప్పుకుంట, లక్ష్మి లక్ష్మే అని తెలుసుకుంటయి. కాని ఇద్దరు సమ్మక్కల పేరు, ఊరు, తేదీ అన్ని ఒకటే ఉన్నప్పుడు వాళ్లను విడదీసే ముచ్చట డేటాలనే లేదు. డేటాల లేనిది ఎంత తెలివైన మోడల్ అయినా యాడికెళ్ళి తెస్తది? అది ఊహించి చెప్తది, అదీ 0.97, అంటే 97 శాతం ఖాయం అని ఒక నంబరు పెట్టి మరీ చెప్తది, ఆ నంబరు చూసి ఆఫీసుల కూసున్నోడు ఇంక ఎదురు ప్రశ్న వెయ్యడు. నాకు ఏఐ మీద ఉన్న భయం ఇదే, అది ఉద్యోగాలు తీస్తదా లేదా అనేది తర్వాత, ముందు ఎదురు అడిగే అలవాటును తీసేస్తది.

మనిషి చెయ్యి లేకపోతే లంచం పోతది అన్నవు. ఈ మాట నేను తీసిపారెయ్య. మా బాపు పట్వారీల కాలం చూసిండు, పహాణీ, అంటే ఊరి భూముల లెక్క పుస్తకం, పట్వారీ ఇంట్ల ఉంటుండె, ఆయన ఏ పేరు రాస్తే ఆ పేరు మీదనే భూమి, 1984 ల ఎన్టీఆర్ ఆ వ్యవస్థ తీసేసిన రోజు మా బాపు ఎంత సంబురపడ్డడో ఇప్పటికి చెప్తడు. 2020 ల వీఆర్వోలను కూడ తీసేసిండ్రు, వాళ్ల మీద కూడ జనానికి కోపం ఉండె. కాని తీసేసినప్పుడు లంచం తీసుకునే చెయ్యితో పాటు ఊర్ల ఏ సమ్మక్క ఎవరో ఎరికున్న కన్ను కూడ పోయింది, 2025 ల మళ్ల గ్రామ పాలన అధికారులు అని పెట్టవలసి వచ్చింది. ఇంక లంచం ఏమో కంప్యూటర్ వస్తే మాయం కాలే, స్క్రీన్ మీద తప్పు పడ్డప్పుడు దాన్ని సరిచేయించుకునే కాడికి జరిగింది. సరిచేసే దారి ఎంత ఇరుకుంటే అక్కడ కూసున్నోనికి అంత గిరాకీ. లంచం పోవాలంటే నువ్వు ఆ సరిచేసే దారిని వెడల్పు చెయ్యాలె.

టెక్నాలజీ మంచిగ పని చేసింది కూడ నేను చూస్తున్న. హన్మకొండ చౌరస్తాల మిర్చి బజ్జీల బండి కాడ ఆ చిన్న డబ్బా ఇరవై రూపాయలు అందినవి అని తెలుగుల మాట్లాడుతది, ఆ అక్కకు చదువు రాదు, అయినా ఎవ్వరు మోసం చెయ్యలేరు. యూపీఐ 2016 ల వచ్చింది, ఇన్నేండ్లల్ల పల్లెల దాక ఎట్ల పాకింది? నా లెక్క ప్రకారం అసలు కారణం ఏందంటే నెట్ లేకపోతే జేబుల నోటు తీసి ఇస్తవు, పాత దారి మూసి కొత్త దారి తెరవలే, పక్కపక్కన పెట్టిండ్రు. జనం తమకు నచ్చి వచ్చిండ్రు. అదే రేషన్ కాడ తంబ్ పడకపోతే నోటు తీసి ఇచ్చినట్టు తీసి ఇచ్చెతందుకు ఆ ముసలమ్మ కాడ ఏముంటది?

కాబట్టి నీ ప్రాజెక్టు ఆపకు, తిప్పు. నీ ప్రోగ్రాం ఎవ్వరి పేరు తీసెయ్యొద్దు, అనుమానం ఉన్నదని ఒక చిట్టా ఇయ్యాలె, ఆ చిట్టా పట్టుకొని ఊర్ల మనిషి ఇంటికి పోయి చూడాలె, చూసేదాక పింఛను ఆగొద్దు. రుజువు చేసుకునే భారం ముసలామె మీద పెట్టకు, సిస్టమ్ మీద పెట్టు. ఆమెకు పోయే మెసేజ్ తెలుగుల ఉండాలె, ఇంగ్లీషు అక్షరాలల్ల అయితే ఒక ఎస్సెమ్మెస్‌ల 160 పడ్తయి, తెలుగుల 70 మాత్రమే పడ్తయి కాబట్టి ఖర్చు ఎక్కువ అంటరు, అయినా సరే తెలుగుల పంపాలె, ఇంకా చదువు రానోళ్లకు ఫోన్ చేసి వాయిస్‌ల చెప్పాలె. పేరు తెలుగు లిపిల ఎట్లుంటే అట్ల కూడ దాచిపెట్టు, పోల్చుడు అక్కడ చెయ్, ఇంగ్లీషు స్పెల్లింగు మీద కాదు. ఊర్ల ఏమని పిలుస్తరో దానికి ఒక కాలమ్ పెట్టు, సారు నవ్వితే నవ్వనీ, నా 22 ఏండ్ల సర్వీసుల అంతకంటే పనికొచ్చే కాలమ్ నేను చూడలే. ఇంకో మాట, ఇదే మ్యాచింగుతోని దొంగలను కాకుండ అర్హత ఉండి కూడ ఏదీ రానోళ్లను వెతుకు, 60 దాటి ఏ చిట్టాల లేని ముసలోళ్లు, భర్త పోయినా పింఛను లేని ఆడోళ్లు, కోడ్ అదే, ప్రశ్న మారుతది గంతే, అక్కడ తప్పు మ్యాచ్ పడ్డా ఒకరి ఇంటికి ఊరికే పోయి వచ్చినట్టు అయితది, ఎవ్వరి బువ్వ పోదు.

టెస్ట్ డేటా కోసం నెట్ల దొరికే ఇంగ్లీషు పేర్ల ఫైలు తీసుకోకు. ఇవి పెట్టు: ఐలయ్యలు నలుగురు, నాలుగు స్పెల్లింగులతోని, ఎల్లయ్యలు ముగ్గురు, సమ్మయ్య ఒకడు సోమయ్య ఒకడు ఒకే ఇంటిపేరుతోని, రాజయ్య రామయ్య అన్నదమ్ములు ఒకే ఇంటి నంబరుతోని, సమ్మక్కలు ఇద్దరు, ఒకే ఊరు, ఒకే జనవరి 1, ఒకామె చనిపోయింది, ఒకామె బతికున్నది. నీ ప్రోగ్రాం ఆ బతికున్నామెను ఏం చేస్తదో చూడు. కలిపే ఫంక్షన్ రాసినవు కదా, దాని పక్కన్నే విడదీసే ఫంక్షన్ కూడ రాసి, అది మండల ఆపరేటర్ లాగిన్ల కనపడేటట్టు పెట్టినంక నాకు చెప్పు. శని ఆదివారాలు నేను హన్మకొండలనే ఉంట, ల్యాప్‌టాప్ తీసుకొని రా, కూసొని చూద్దాం.